పాంటూన్ ముక్కుకి ట్రోలింగ్ మోటారు: 54 అంగుళాల దగ్గర నేను చేసిన పొరపాటు

నేను డాలస్ చుట్టుపక్కల పడవల కరెంటు పని చేస్తాను. బ్యాటరీలు, వైరింగ్, చార్జర్లు, ఫిష్ ఫైండర్లు (నీటి కింద చేపల్ని తెరమీద చూపేవి), ట్రోలింగ్ మోటార్లు (చేపలు పట్టేటప్పుడు పడవని నెమ్మదిగా నడిపే చిన్న బ్యాటరీ మోటార్లు). ఇంజను జోలికి పోను. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇందులో యజమాని చేసిన తప్పు ఒకటి, పడవ కట్టినవాళ్లు వదిలేసిన లోటు ఒకటి, నేను టేపు పట్టుకుని మరీ చేసిన తప్పు ఒకటి ఉన్నాయి. మూడూ ఒకే పడవ మీద దొరకడం అరుదు. పడవ యజమాని కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు, లేక్ పేరు, పడవ మోడల్ తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

పాంటూన్ ఎక్కనివాళ్ల కోసం రెండు మాటలు. నీళ్ల మీద రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు. వాటి మీద అడ్డంగా అల్యూమినియం చానళ్లు, చానళ్ల మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్, దాని మీద సోఫాలు, చుట్టూ నడుమెత్తు రెయిలింగ్, పైన మడతపెట్టుకునే గుడ్డ పందిరి. పడవ అనడం కంటే తేలే వసారా అంటే సరిపోతుంది. 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప పీపాల్ని వరసగా అతికించి, వాటి మీద చెక్క బల్ల పరిచి మొదలుపెట్టిన వ్యవహారం ఇది. ట్రోలింగ్ మోటారు అంతకు ముందే, 1934లో, పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో ఫార్గో అనే ఊళ్లో ఓ.జి. ష్మిట్ చేతిలో పుట్టింది. మిన్ కోటా అన్న పేరు కూడా ఆ రెండు రాష్ట్రాల పేర్లు కలిపి పెట్టిందే. అంటే పాంటూనూ ట్రోలింగ్ మోటారూ పక్కపక్క ఇళ్లలో పుట్టినవే. సంబంధం మాత్రం అంత తేలిగ్గా కుదరదు. ఆ మోటారు నీటికి దగ్గరగా, గాలికి తక్కువగా తగిలే చిన్న చేపల పడవల కోసం చేసింది. పాంటూన్ ఎత్తుగా, డబ్బాలా ఉంటుంది.

ఈ పడవ 22 అడుగులది, రెండు గొట్టాలది, సెకండ్ హ్యాండ్. వెనక బయటికి తగిలించిన 115 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను, అంటే అవుట్‌బోర్డ్. యజమాని ఐటీ మనిషి, నలభై దాటినవాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ఆ ఏడాది ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. నాన్నగారికి చేపలు పట్టడం ప్రాణం. పడవ కొన్నదే ఆయన కోసమని కొడుకు అంటాడు. కోడలు నవ్వుతుంది.

ఉత్తర టెక్సస్‌లో లేకులన్నీ ఆనకట్టలు కట్టి నింపినవే. లూయిస్‌విల్, లావన్, రే హబ్బార్డ్, టెక్సోమా, ఏది చూసినా అంతే. మునిగిపోయిన చెట్లు అడుగున అలాగే ఉంటాయి. క్రాపీ చేపలు ఆ మొద్దుల చుట్టూనే చేరతాయి. అక్కడ లంగరు వేస్తే చేపకంటే ముందు లంగరే చిక్కుకుంటుంది. అందుకే జీపీఎస్ చూసుకుంటూ ఒక చోట తనంతట తానే నిలబడే ట్రోలింగ్ మోటారు కావాలని అందరూ అడుగుతారు. పైగా ఇది చదును నేల. వసంతంలో దక్షిణపు గాలి లేచిందంటే అడ్డు ఉండదు.

వచ్చిన సమస్య

ఫోన్‌లో మొదటి మాట ఇది: "అన్నా, 112 పౌన్ల మోటారు పెట్టాలి. ఎంతవుతుంది?"

పౌన్లంటే ఇక్కడ మోటారు బరువు కాదు, అది పడవని లాగే బలం. దాన్నే థ్రస్ట్ అంటారు. జబ్బు, మందు రెండూ తేల్చుకుని వచ్చే పేషెంటు అంటే డాక్టర్లకి ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉంటుంది. మందు సంగతి పక్కన పెట్టి, ఇప్పుడున్నదానితో ఏం జరిగిందో చెప్పమన్నాను.

స్నేహితుడి దగ్గర పాత 12 వోల్టుల మోటారు ఉంది, 55 పౌన్ల థ్రస్ట్. చిన్న పడవ వెనక తగిలించుకునే రకం. దాన్ని పాంటూన్ వెనక ఈతకి దిగే మెట్ల పక్కన మూలకి బిగించారు. కరెంటు ఇంజను బ్యాటరీ నుంచే తీశారు. గాలి లేని పొద్దుటి పూట బాగానే నడిచింది. తొమ్మిదింటికి గాలి లేచాక పడవ ముక్కు గాలి వాలుకి తిరిగిపోవడం మొదలెట్టింది. మోటారు ఫుల్ పెడితే ఇంకా గిర్రున తిరిగింది. గంటన్నర ఆ కుస్తీ పట్టి, చాల్లే ఇంటికి పోదాం అని తాళం తిప్పితే అవుట్‌బోర్డ్ టిక్ అని ఊరుకుంది. బ్యాటరీ అయిపోయింది. డబ్బిచ్చి ఇంకో పడవతో లాగించుకున్నారు. ఒడ్డుకి చేరేదాకా నాన్నగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదట. అదే ఎక్కువ బాధ పెట్టిందన్నాడు.

బ్యాటరీ తప్పు తెలిసిందే. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ ఒక్క క్షణం గట్టిగా తన్నడానికి చేసింది, గంటల తరబడి మోయడానికి కాదు. ట్రోలింగ్ బ్యాటరీలు వేరుగా ఉండాలి, రెండింటికీ చుట్టరికం ఉండకూడదు. ఇక్కడ ఎక్కువ సేపు ఆగను. ముక్కు ఎందుకు తిరిగింది అన్నదే అసలు ప్రశ్న.

ఎన్ని పౌన్లు, ఎక్కడ

బరువుతో లెక్క ఒకటి ఉంది. మనుషులు, సామానుతో సహా ప్రతి 100 పౌన్లకి కనీసం 2 పౌన్ల థ్రస్ట్. ఖాళీ పడవ 2,200, అవుట్‌బోర్డ్ దాదాపు 400, పెట్రోలు 180, ఆరుగురు మనుషులు, ఐస్ పెట్టె, గాలాలు, బ్యాటరీలు కలిపి 3,900 దాకా వచ్చింది. లెక్క ప్రకారం 78 పౌన్లు. 24 వోల్టుల 80 పౌన్ల మోటారు అంచు మీద పాసవుతుంది. యజమాని అడిగిన 112 పౌన్లది 36 వోల్టులది. దానికి మూడు బ్యాటరీలు కావాలి.

కానీ ఈ లెక్కలో గాలి లేదు. పాంటూన్‌కి బరువుకంటే గాలే శత్రువు. పందిరి మడిచేసి, రెయిలింగూ సోఫాలూ కలిపి కొలిచాను. ముందు నుంచి చూస్తే గాలికి తగిలే మేర సుమారు 33 చదరపు అడుగులు, పక్క నుంచి 80. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. గంటకి 15 మైళ్ల గాలి ముక్కుకి ఎదురుగా తగిలితే దాదాపు 19 పౌన్లు, పక్కకి తగిలితే 45. గాలి 20 మైళ్లయితే ఎదురుగా 33, పక్కన 80. మోటు లెక్కే, కానీ నిర్ణయానికి సరిపోతుంది.

ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. పడవ పక్క గాలికి ఇచ్చి నిలబడితే 112 పౌన్ల మోటారుకి మిగిలేది 32. ముక్కు గాలికి ఇచ్చి నిలబడితే 80 పౌన్ల మోటారుకి 47 మిగులుతుంది. చోటు సరిగ్గా ఉంటే చిన్న మోటారు దగ్గరే ఎక్కువ బలం మిగులుతుంది.

ముక్కు గాలికి ఎదురుగా ఎలా ఉంటుంది? మోటారు ముక్కు దగ్గర ఉండాలి. అప్పుడు పడవ గాలిపటంలా ఉంటుంది. దారం ఒక చోట పట్టుకుంటే తోక దానంతట అదే గాలి వాలుకి పోతుంది. మోటారు వెనక ఉంటే అది తోపుడుబండి. బండి మీద ఎత్తుగా సామాను వేసి ఎదురుగాలిలో నెట్టి చూడండి, ముందు భాగం ఎటో ఒకటు మళ్లిపోతుంది. మళ్లిన కొద్దీ గాలికి ఇంకాస్త ఎక్కువ మేర దొరుకుతుంది, ఇంకాస్త మళ్లుతుంది. ఆ రోజు వాళ్ల పడవకి జరిగింది ఇదే. పాత మోటారు బలం చాలలేదన్నది నిజమే. కానీ అదే చోట రెండింతల బలం పెట్టినా తిరిగేది.

అవుట్‌బోర్డ్‌కి నీళ్లలోకి దిగే కాలికే బిగించే ట్రోలింగ్ మోటారు రకం ఒకటుంది. డెక్ మీద ఏమీ కనబడదు, అందంగా ఉంటుంది, ఆయన భార్యకి అదే నచ్చింది. పొద్దుటిపూట ఒడ్డు వెంట నెమ్మదిగా తిరగడమే కావాలంటే నేనూ అదే పెడతాను. ఒక చోట నిలబడాలి అన్నారు కాబట్టి వద్దన్నాను. అదీ వెనకే కదా.

112 పౌన్లది ముక్కు దగ్గర పెడితే ఇంకా మంచిది కాదా అని ఆయన అడిగాడు. మంచిదే. మూడు గొట్టాల 25 అడుగుల పడవ అయితే నేనే అదే చెబుతాను. ఇక్కడ మూడో బ్యాటరీకి ముందు సోఫా కింద చోటు లేదు, డబ్బు తేడా తక్కువేం కాదు, పైగా 20 మైళ్ల గాలి దాటితే ముసలివాళ్లతో పిల్లలతో లేక్ మధ్యలో వీళ్లు ఉండరు. 80 దగ్గర ఆగాం.

గేటు

చేపల పడవకి ముక్కు ఖాళీగా ఉంటుంది. పాంటూన్ ముక్కు అంటే గుమ్మం. వీళ్లు పడవ కట్టేసే డాక్ దగ్గర ఎక్కేదీ దిగేదీ ముందు గేటు నుంచే. అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది. కాలు ఆరంగుళాలు ఎత్తి దాటడం ఆవిడకి కష్టం. రెయిలింగ్‌కి బయట ముందు డెక్ 14 అంగుళాలే ఉంది. ముక్కు మోటారుని పైకి లాగి పడుకోబెడితే అది ఐదడుగుల దుంగ. లోపలికి పడుకోబెడితే గేటు తెరిచే ఉంచాలి. అవుట్‌బోర్డ్ మీద వేగంగా వెళ్లేటప్పుడు పిల్లలున్న పడవకి ముందు గేటు తెరిచి ఉంచడం ప్రాణాంతకం. కిందపడితే పడేది గొట్టాల మధ్యకి, అక్కడి నుంచి ప్రొపెల్లర్ దగ్గరికి.

అందుకని ఎడమ మూలకి, రెయిలింగ్‌కి సమాంతరంగా అడ్డంగా పడుకునేట్టు పెట్టాలని అనుకున్నాం. అప్పుడది గేటు ముందు కొంత అడ్డం వస్తుంది. కాబట్టి నేరుగా డెక్‌కి కాకుండా, పిన్ను లాగితే జారి బయటికొచ్చే క్విక్ రిలీజ్ ప్లేటు మీద బిగించాలి. అమ్మగారు వచ్చిన రోజున మోటారు ఊడదీసి లోపల పెట్టుకుంటారు. మూల నుంచి లాగితే పడవ కొంచెం పక్కకి ఒరుగుతుంది కదా అంటారేమో. రెండు గొట్టాలూ రైలు పట్టాల్లా పడవని తిన్నగా ఉంచుతాయి. మిగిలిన తేడా జీపీఎస్ దిద్దుకుంటుంది.

ఈ ప్లేటు మందం 2 అంగుళాలు. ఈ రెండంగుళాల మాట మళ్లీ వస్తుంది.

చిల్లు పెట్టేముందు

డెక్‌లో చిల్లు పెట్టేముందు ఒకసారి ఉత్తుత్తి బిగింపు చేసి చూడడం నా అలవాటు. మందపాటి పలక ఒకటి ముందు డెక్ మీద అడ్డంగా వేసి, నాలుగు క్లాంపులతో పట్టించి, దాని మీద నా దగ్గరున్న పాత 24 వోల్టుల మోటారు పెట్టాను. లేక్‌లోకి వెళ్లి ఎడమకీ కుడికీ మార్చి మార్చి ఫుల్ ఇచ్చాం. నేను మోటారుని చూడలేదు. డెక్ అంచు మీద బోర్లా పడుకుని, ప్లైవుడ్‌కీ దాని కింది చానల్‌కీ మధ్య సందులో టార్చ్ వేసి చూశాను. మోటారు గుంజినప్పుడల్లా ప్లైవుడ్ పావు అంగుళం లేచి మళ్లీ కూర్చుంటోంది. కప్ప గొంతు ఆడినట్టు.

కారణం కింద ఉంది. మొదటి చానల్ డెక్ అంచుకి 11 అంగుళాలు వెనక. అంటే మోటారు నిలబడే చోట ప్లైవుడ్ ఒట్టి గాలిలో ఉంది. చాలామంది ఇక్కడ పొడుగు మరలు దింపి ఊరుకుంటారు. ఒక సీజన్ బాగుంటుంది. తర్వాత మర చుట్టూ చెక్క పొడిపొడి అవుతుంది, నీళ్లు దిగుతాయి, మోటారు ఊగుతుంది.

నేను చేసింది: కింద పావు అంగుళం మందం అల్యూమినియం పలక, 24 అంగుళాల పొడవు, డెక్ అంచు నుంచి వెనక్కి మొదటి చానల్ దాటేదాకా. స్టెయిన్‌లెస్ బోల్టులు పై నుంచి కిందికి దూసుకెళ్లేట్టు, వెనక రెండూ చానల్ అంచులోంచి పోయేట్టు. ఇప్పుడు గుంజేది ప్లైవుడ్‌ని కాదు, చట్రాన్ని. చిల్లులు కావలసినదానికంటే పెద్దవి తొలిచి, ఎపాక్సీ జిగురుతో నింపి, ఎండాక మళ్లీ సరైన సైజుకి తొలిచాను. అప్పుడు బోల్టు చుట్టూ ఉండేది ఎపాక్సీ గొట్టం. నీళ్లు దిగినా చెక్కని తాకవు. స్టెయిన్‌లెస్ నేరుగా అల్యూమినియంకి తగిలితే తడిలో అల్యూమినియమే కరుగుతుంది, అందుకని నైలాన్ వాషర్లు, పేస్టు. రాగి మందు పట్టించిన చెక్క అల్యూమినియంని ఇంకా త్వరగా తింటుంది. ఎవరైనా ఎత్తు కోసం ఇంటి డెక్ చెక్క ముక్క మధ్యలో పెట్టమంటే పెట్టకండి.

వైరు

పడవ కట్టినవాళ్లే ట్రోలింగ్ మోటారు కోసమని వెనక బ్యాటరీ పెట్టె నుంచి ముక్కు దాకా వైరు లాగి, ముందు సాకెట్ పెట్టి ఇచ్చారు. అమ్మేటప్పుడు గొప్పగా చెప్పుకునే సంగతి అది. యజమాని ఆ వైరే వాడమన్నాడు. కొత్త బ్యాటరీలు కూడా వెనకే పెడితే పని సగం తగ్గుతుంది. అది అనుమానించాల్సిన ఆలోచనే, అయినా కొలవకుండా కాదనడం నాకిష్టం లేదు.

రెండు 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు తీసుకున్నాం. సీసం బ్యాటరీల జత అదే సైజులో 130 పౌన్లు తూగేది, పైగా సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. ఇవి రెండూ కలిపి 55 పౌన్లు. 24 వోల్టుల కోసం రెండింటినీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపేముందు ఒక్కొక్కదాన్నీ విడిగా నిండా చార్జ్ చేశాను. ఈ పని మరిచిపోతే ఒకటి ముందు ఖాళీ అయి రెండోదాన్ని కూడా ఆపేస్తుంది. అప్పుడు ఎవరైనా బ్యాటరీ కంపెనీనే తిడతారు.

ఫుల్ మీద మోటారు 56 యాంపులు తాగుతోంది. బ్యాటరీ దగ్గర మీటరు 26.0 వోల్టులు చూపింది. ముక్కు దగ్గర, మోటారు నడుస్తుండగానే, 23.7. దారిలో 2.3 వోల్టులు మాయం. ఇది మోటారు ఆపి కొలిస్తే కనబడదు. కరెంటు పారనప్పుడు ఎంత సన్న వైరైనా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. చాలామంది అలాగే కొలిచి వైరు బాగుందంటారు.

లెక్క కట్టాను. 8 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), పడవ అంచు వెంట చుట్టి రావడంతో పోనూ రానూ 52 అడుగులు. వెయ్యి అడుగులకి 0.628 ఓమ్. వైరులోనే 1.8 వోల్టులు పోతాయి. మరి మిగిలిన అర వోల్టు? సాకెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, వేడికి వెంటనే వెనక్కి తీసేశాను. సాకెట్ ఊడదీస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ టీ మరకలా గోధుమరంగు తిరిగింది. అర వోల్టుని 56 యాంపులతో గుణిస్తే 28 వాట్లు. బొటనవేలంత చోట 28 వాట్ల వేడి అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ సోఫా కింద పెట్టినట్టే.

యజమాని వైరు లావుది లాగుదామన్నాడు. నేను బ్యాటరీలే ముందుకి తెద్దామన్నాను. ముందు సోఫా కింద పెడితే 6 గేజ్ వైరు పోనూ రానూ 16 అడుగులు, నష్టం 0.35 వోల్టు. వెనక అరలో పెట్రోలు ట్యాంకు ఉంది కాబట్టి, నిప్పురవ్వ రాగల బ్రేకరూ చార్జరూ అక్కడ లేకపోవడమే మంచిది. 60 యాంపుల బ్రేకర్ బ్యాటరీ పాజిటివ్ నుంచి 7 అంగుళాలలోపు పెట్టాను. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం అడిగేది అదే. తొడుగులో నడిపిన వైరు నేరుగా బ్యాటరీకే కలిస్తే 72 అంగుళాల దాకా వదులుతారు, ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఫిష్ ఫైండర్‌ని ఇంజను బ్యాటరీ మీదే ఉంచాను, ట్రోలింగ్ మోటారు రొద తెరమీదకి రాకుండా.

పాత వైరు తీసేసి పారేయమంటే ఆయనకి మనసొప్పలేదు. రెండు చివర్లూ మూసి అక్కడే వదిలాం.

నా తప్పు

ఇక షాఫ్టు, అంటే ప్రొపెల్లర్‌ని నీళ్లలోకి దించే పొడుగాటి కడ్డీ. మోటారు కూర్చునే చోటు నుంచి నీళ్ల దాకా ఎంతో కొలిచి, మామూలు నీళ్లకి 20 అంగుళాలు, అలలుండే లేక్‌కి 25 కలపాలి. మేం వాడే లెక్క అది. డాక్ దగ్గర నేను ముందు మూలలో వంగి టేపు వేశాను. యజమాని పక్కనే నిలబడి అంకెలు రాసుకున్నాడు. 25 అంగుళాలు. ప్లేటు 2 కలిపి 27. దానికి 20 కలిపి 47. 54 అంగుళాల షాఫ్టు అంటే ఇంకా 7 మిగులు. అలలకి ఐదు తీసేసినా రెండు ఉంటాయి. ఆర్డర్ పెట్టేశాను.

మొదటి శనివారం కుటుంబమంతా వచ్చారు. గాలి 15 మైళ్ల దగ్గర ఉంది, అప్పుడప్పుడు విసురు. ముక్కు గాలికి తిప్పి, నిలబడే బటన్ నొక్కాం. పడవ చక్కగా నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పది నిమిషాలయ్యాక ముందు నుంచి చప్పుడు, గ్లాసు అడుగున మజ్జిగ స్ట్రాతో పీల్చినట్టు. ప్రొపెల్లర్ గాలి మింగుతోంది. గాలి మింగిన ప్రొపెల్లర్ వేగంగా తిరుగుతుంది కానీ లాగదు. పడవ వెనక్కి జారుతుంది. జారిందని జీపీఎస్ ఇంకా వేగం పెంచుతుంది. ఇంకా గాలి మింగుతుంది. నలభై అడుగులు వెనక్కి పోయి, అల తగ్గాక తేరుకుని, మళ్లీ ముందుకి ఎగబడేది. బ్యాటరీ కళ్లముందే కరిగిపోతోంది.

ఆ క్షణంలో నా మొదటి ఆలోచన సెట్టింగ్ మీదకి పోయింది. నిలబెట్టే చురుకుదనం తగ్గిస్తే సరిపోతుందేమో అని మెనూలో పది నిమిషాలు వెతుక్కున్నాను. తర్వాత తల ఎత్తి వెనక్కి చూశాను.

అందరూ వెనక ఉన్నారు. పందిరి నీడ వెనకే ఉంటుంది కాబట్టి నాన్నగారు ఎక్కినప్పటి నుంచి వెనక మూల సోఫాలోనే కూర్చున్నారు. ఆయన పక్కన అమ్మగారు. తాతయ్య గాలం చూడడానికి పిల్లలిద్దరూ అక్కడే. కోడలు కూడా. ముక్కు ఖాళీ. టేపు తీసి మళ్లీ కొలిచాను: 28.5 అంగుళాలు. డాక్ దగ్గర కొలిచినప్పుడు ముక్కు మీద ఉన్నదెవరు? నేనూ ఆయనా. ఇద్దరం బాగా తిన్నవాళ్లమే. మా బరువుతో ముక్కుని కిందికి నొక్కి, ఆ కొలతకి మోటారు కొన్నాం.

28.5కి ప్లేటు 2 కలిపి 30.5. అలలకి 25. మొత్తం 55.5. నా దగ్గరున్నది 54. ఒకటిన్నర అంగుళమే కదా అనుకోవచ్చు, కానీ అడుగెత్తు అల మీద ముక్కు లేచిన ప్రతిసారీ ఆ ఒకటిన్నరే ప్రొపెల్లర్‌ని నీటి అంచుకి తెచ్చేది.

"బాబాయ్ గారూ, కాసేపు ముందుకొచ్చి కూర్చుంటారా?" అని అడిగాను.

"ఎందుకయ్యా, ఎండ" అన్నారు. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. నిజానికి మూసుకుపోవడమే మంచిది. మనుషులు ఫలానా చోట కూర్చుంటేనే పనిచేసే బిగింపు బిగింపు కాదు.

ఇంకో రెండు దారులు చూశాను. ముందు బరువు పెట్టడం: సీసం బ్యాటరీలు తీసుకుని ఉంటే ముక్కు మరో 75 పౌన్లు కిందికి ఒరిగేదని యజమాని నవ్వుతూ అన్నాడు. నవ్వుకి బాగుంది. పాంటూన్ ముక్కు మరీ కిందికుంటే, ఎదురొచ్చే పెద్ద అలలోకి గొట్టాలు గుచ్చుకుని నీళ్లు డెక్ మీదికి ఎక్కుతాయి. దాన్ని చేతులారా తెచ్చుకోకూడదు. రెండోది, ప్లేటు తీసేసి మోటారు నేరుగా డెక్‌కి బిగించడం. 2 అంగుళాలు కలిసొస్తాయి, లెక్కకి సరిపోతుంది. కానీ అప్పుడు మోటారు ఊడిరాదు, అమ్మగారికి గుమ్మంలో దుంగ అడ్డం. ఆ షరతు మొదటి రోజునే ఒప్పుకున్నాం.

మిగిలింది 60 అంగుళాల షాఫ్టు. మోటారు మార్చాను, తేడా నేనే పెట్టుకున్నాను. కొలిచింది నేను కాబట్టి ఆయన్ని అడగడానికి మొహం చెల్లలేదు. 54ది నా షెడ్‌లో నాలుగు నెలలుండి ఇంకో పడవకి పోయింది. ఆ పడవని కొలిచేటప్పుడు వాళ్ల ఐస్ పెట్టె, మనుషులు అన్నీ ఎక్కించి, వాళ్లు మామూలుగా కూర్చునే చోట కూర్చోబెట్టి, నేను డాక్ మీద నుంచి వంగి కొలిచాను.

తర్వాత

60 అంగుళాలదానితో అదే గాలిలో, అందరూ వెనకే కూర్చున్నా, ప్రొపెల్లర్ ఒక్కసారి కూడా గాలి మింగలేదు. 15 మైళ్ల గాలికి ముక్కు ఇచ్చి నిలబడినప్పుడు మోటారు ఎక్కువ సేపు సగం బలం లోపే నడిచింది. ఫుల్ మీద ఆపకుండా నడిపితే 100 యాంపియర్ అవర్‌కి గంటా ముప్పావు వస్తుంది. వీళ్లు వాడే తీరుకి పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా తిరిగినా సగం మిగులుతోంది. పక్కగాలిలో మాత్రం ఇది నిలబడదు. నిలబడుతుందని నేను చెప్పలేదు కూడా. వెనక్కి తిరగాలంటే ముందు ముక్కుని గాలిలోకి తిప్పి, అక్కడి నుంచి అవుట్‌బోర్డ్ వాడమని రెండుసార్లు చేసి చూపించాను.

చలికాలంలో లిథియం బ్యాటరీలు సున్నా డిగ్రీల సెల్సియస్ కిందికి పోయినప్పుడు చార్జ్ చేయొద్దని చెప్పాను. టెక్సస్‌లో అలాంటి రాత్రులు తక్కువే కానీ వస్తాయి. డిసెంబరులో ఆయన వాటిని తీసి గరాజ్‌లో పెట్టుకున్నాడు.

మార్చిలో మళ్లీ వెళ్లాను. బోల్టులు టార్క్ రెంచితో చూశాను. వెనక కుడివైపుది పావు చుట్టు తిరిగింది, మిగతా మూడూ కదల్లేదు. బ్రేకర్‌కి వైరు బిగించే లగ్గులు ఊడదీసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. కింద పలక అంచున ఒకచోట తెల్లటి పొడి కనబడింది. నా బోల్టు దగ్గర కాదు, పాత యజమాని ఎప్పుడో గేటు తాళం కోసం దింపిన మామూలు ఇనప మర దగ్గర. తీసేసి స్టెయిన్‌లెస్‌ది పెట్టి, వాషర్ వేశాను.

క్విక్ రిలీజ్ పిన్ను మాత్రం అవుట్‌బోర్డ్ వేగం మీద గలగలలాడుతోంది. సన్న రబ్బరు ముక్క పెట్టాం, తగ్గింది, పూర్తిగా పోలేదు. నాన్నగారికి ఆ చప్పుడు నచ్చలేదు. ఇంకో రకం పిన్ను తెప్పించాను, ఇంకా రాలేదు.